గొంతు ఎరిగిన ఫైలు: మాట గుర్తింపు సాఫ్ట్‌వేర్లలో యూజర్ ప్రొఫైళ్ళ భద్రతపై ఒక సమీక్ష

నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర పుట్టి లెక్కన పలుకుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. ఇళ్ళ స్థలాలను అంకణాల్లో కొలుస్తారు, ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు. పెన్నా నదికి ఈ ఒడ్డున విడవలూరు మండలంలో ముదివర్తి ఉంది, ఆ ఒడ్డున ఇందుకూరుపేట మండలంలో ముదివర్తిపాళెం ఉంది. విడవలూరు మనిషికి ఈ మాటలు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తెలిసినవే. మాట విని అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అది చదువుకున్న తెలుగు పాఠాల్లో ‘పుట్టి’ అంటే ఎక్కువసార్లు ‘జన్మించి’ అనే అర్థమే కనిపిస్తుంది. ధాన్యం కొలతగా ఆ మాటను దానికి ఎవరో నేర్పాలి. నేర్చుకున్నదాన్ని అది ఎక్కడో దాచుకోవాలి. అలా దాచుకున్న మూటకే యూజర్ ప్రొఫైల్ అని పేరు.

ఆ మూట చెడిపోతే తిరిగి ఎలా తెచ్చుకోవాలి? దాని నకలు ఎవరి దగ్గర ఉండాలి? ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు అసలు ప్రొఫైల్ అవసరమేనా? ఈ మూడు ప్రశ్నల మీద సాంకేతిక నిపుణులు, దివ్యాంగుల హక్కుల కోసం పనిచేసేవారు, గోప్యతావాదులు ఎవరి కోణంలో వారు వాదిస్తున్నారు. ఒకరు ‘ప్రొఫైల్’ అన్నప్పుడు మరొకరు దాన్ని వేరే అర్థంలో తీసుకోవడం వల్ల వాదన చిక్కుపడింది. ఆ చిక్కు విప్పడానికి, తెలుగు వాడుకరికి ఇందులో ఏది ముఖ్యమో తేల్చడానికి ఈ సమీక్ష.

ప్రొఫైల్‌లో ఏముంటుంది?

సంప్రదాయ డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్‌లో నాలుగు పొరలుంటాయి. మొదటిది ధ్వని నమూనా. ఫలానా మనిషి ఫలానా మైకులో మాట్లాడితే ‘ళ’ ఎలా వినిపిస్తుంది, ‘ల’ ఎలా వినిపిస్తుంది అనే లెక్క అది. రెండోది పదకోశం, అంటే వాడుకరి చేర్చిన ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, వృత్తి పదాలు. మూడోది భాషా నమూనా. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో వాడుకరి రాతల నుంచి, దిద్దుబాట్ల నుంచి అది అంచనా కడుతుంది. నాలుగోది ఆదేశాలు. ఒక్క మాట చెబితే చిరునామా మొత్తం పడేలా వాడుకరి చేసుకున్న ఏర్పాట్లన్నీ ఇందులోకి వస్తాయి.

ఈ పొరలు ఒకే రకం సరుకు కావు. ధ్వని నమూనా, భాషా నమూనా ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే అర్థమయ్యే అంకెల గుట్టలు. పదకోశం, ఆదేశాలు మనిషి చదవగలిగే రాత. ఒక ఇంజన్ ధ్వని నమూనా మరో ఇంజన్‌కు పనికిరాదు. పదాల జాబితా ఎక్కడికైనా వెళ్తుంది. బ్యాకప్ గురించిన వాదనల్లో సగం ఈ తేడాను గమనించకపోవడం వల్ల వచ్చినవే.

చరిత్ర: కాటూరు బిడ్డ నుంచి క్లౌడ్ దాకా

ఈ విద్య చరిత్ర మనకు దూరమైనది కాదు. పాత చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చేరారు. హియర్సే, డ్రాగన్, హార్పీ, స్ఫింక్స్ అనే మాట గుర్తింపు వ్యవస్థలు ఆ విశ్వవిద్యాలయంలో ఆయన ఛాయలోనే పుట్టాయి. 1976 నాటి హార్పీ 1,011 పదాలు గుర్తించేది. కృత్రిమ మేధలో కృషికి 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి ఆసియా సంతతి వ్యక్తి ఆయనే.

అక్కడ డ్రాగన్ వ్యవస్థను రూపొందించిన జేమ్స్ బేకర్, భార్య జానెట్ బేకర్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ స్థాపించారు. 1990లో వచ్చిన డ్రాగన్ డిక్టేట్ ధర 9,000 డాలర్లు. దానికి ఒక్కో మాట మధ్య ఆగుతూ చెప్పాలి. ధారాళంగా మాట్లాడితే రాసే డ్రాగన్ నాచురల్లీ స్పీకింగ్ 1997లో వచ్చింది. దాన్ని వాడాలంటే ముందు కూర్చుని ఇచ్చిన పాఠాన్ని గట్టిగా చదివి యంత్రానికి గొంతు పరిచయం చేయాలి. ప్రొఫైల్ విలువ అక్కడ మొదలైంది. ఒకసారి పోతే ఆ చదువంతా మళ్ళీ మొదటికొచ్చేది. నెలల తరబడి చేసిన దిద్దుబాట్లైతే తిరిగి వచ్చేవే కావు.

దీనికి ఎదురు ప్రవాహం కూడా కార్నెగీ మెలన్ నుంచే వచ్చింది. 1988లో కై-ఫు లీ రూపొందించిన స్ఫింక్స్, గొంతు పరిచయం అక్కర్లేకుండా ఎవరి మాటనైనా గుర్తించగలనని చూపింది. మనిషికో ప్రొఫైల్ అన్న దారి, అందరికీ ఒకే నమూనా అన్న దారి ఆనాటి నుంచి పక్కపక్కనే నడుస్తున్నాయి.

తెలుగులో మాట గుర్తింపు సామాన్యుడి చేతికి వచ్చింది రెండో దారిలోనే. డ్రాగన్‌లో భారతీయ యాసలో మాట్లాడే ఇంగ్లీషుకు చోటుంది, తెలుగుకు లేదు. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగుతో కలిపి ఎనిమిది భారతీయ భాషలను చేర్చింది. 2022 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ పొందింది. అది గుర్తించే భాషల్లో తెలుగూ ఉంది. మొత్తానికి తెలుగువాడు ప్రొఫైల్ దశను చూడకుండానే క్లౌడ్ దశలో అడుగుపెట్టాడు. తన గొంతు కోసం దాచుకోవాల్సింది ఏదైనా ఉందన్న ఆలోచనకే అతనికి అవకాశం రాలేదు.

చెడటం, కోలుకోవడం: తేలిన విషయాలు

వాదాల్లోకి వెళ్ళే ముందు, అందరూ ఒప్పుకునే సంగతులు కొన్ని ఉన్నాయి.

ప్రొఫైల్ ఎక్కువగా చెడేది సేవ్ అవుతున్న క్షణంలో. ఆ సమయంలో కరెంటు పోయినా, డిస్కు నిండిపోయినా సగం కొత్త ఫైళ్ళు, సగం పాత ఫైళ్ళు మిగులుతాయి. అందుకే డ్రాగన్ వాడుకలో ఉన్న ప్రొఫైల్‌ను ఒకచోట, దాని నకలును మరోచోట ఉంచుతుంది. మామూలు అమరికలో ఐదోసారి సేవ్ చేసినప్పుడల్లా నకలును తనంతట తానే తాజా చేస్తుంది. ప్రొఫైల్ తెరుచుకోకపోతే ఆ నకలును పునరుద్ధరించే వీలుంది. వేరే కంప్యూటర్‌కు తరలించడానికి ఎగుమతి, దిగుమతి సదుపాయాలున్నాయి.

ఇక్కడ పాటించాల్సిన నియమాలు మూడు. నకలు తీసే ముందు సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసేయాలి. ఫోల్డర్‌లోంచి ఒకటి రెండు ఫైళ్ళు ఏరుకోకుండా మొత్తం ఫోల్డర్‌నే నకలు చేయాలి, ఎందుకంటే ఫైళ్ళు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. వాడుకలో ఉన్న ప్రొఫైల్‌ను ఇంటర్నెట్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఉంచకూడదు. సాఫ్ట్‌వేర్ రాస్తుండగా సింక్ అదే ఫైలును అందుకుంటే రెండూ గొడవపడతాయి.

కంటికి కనిపించని చెడు ఇంకొకటుంది. జలుబు చేసిన వారంలో చేసిన శిక్షణ, పాడైన మైకుతో చెప్పిన డిక్టేషన్, పొరపాటున అంగీకరించిన తప్పు మాటలు ప్రొఫైల్‌ను నెమ్మదిగా వంకర తిప్పుతాయి. ఫైలు బాగానే తెరుచుకుంటుంది, రాతలో ఖచ్చితత్వం మాత్రం రోజురోజుకూ తగ్గుతుంది. ఒక్క నకలే ఉంటే ఆ వంకర నకలులోకీ పాకుతుంది. అందుకే నెలకొకటిగా పాత తరాల నకళ్ళు ఉంచుకోవాలి.

మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్నది బ్యాకప్ రంగంలో అందరూ చెప్పే సూత్రం. పెన్నా తీరంలో దీనికి వివరణ అక్కర్లేదు. 2021 నవంబరు వరదల్లో కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఒకే ఇంట్లో ఉన్న కంప్యూటర్‌నూ, దాని పక్క బీరువాలోని పెన్‌డ్రైవ్‌నూ వరద వేరుగా చూడదు.

నాలుగు వాదాలు

*మొదటి వాదం: నా యంత్రం, నా ప్రొఫైల్.* చేతులు సహకరించనివారు, రోజంతా డిక్టేషన్ మీద బతికే న్యాయవాదులు, వైద్యులు ఈ పక్షాన ఉంటారు. ఒకరి గొంతుకు అమరిన వ్యవస్థ ఇచ్చే ఖచ్చితత్వం సార్వత్రిక నమూనా ఇవ్వదని వారి అనుభవం. ఇంటర్నెట్ లేకపోయినా పని సాగుతుంది. ఈ పక్షానికి పెద్ద దెబ్బ కంపెనీల నుంచే తగిలింది. డ్రాగన్ మెకింటాష్ కూర్పును 2018లో నిలిపేశారు. డ్రాగన్ యజమాని అయిన న్యుయాన్స్‌ను మైక్రోసాఫ్ట్ 19.7 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు 2021లో ప్రకటించి, 2022లో ఆ ప్రక్రియ ముగించింది. విండోస్‌లో విస్టా కాలం నుంచి ఉన్న స్పీచ్ రికగ్నిషన్‌ను ఇక అభివృద్ధి చేయబోమని 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తెలిపింది. దాని స్థానంలో వాయిస్ యాక్సెస్‌ను నిలిపింది. ఫైలు భద్రంగా ఉన్నా దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ లేకపోతే, తాళంచెవి పోయిన భోషాణం మిగిలినట్టే.

*రెండో వాదం: ప్రొఫైల్ అవసరం తీరిపోయింది.* లక్షల గంటల ఆడియోతో నేర్చిన నమూనాలు ఏ గొంతునైనా అర్థం చేసుకుంటాయని, వాడుకరి దాచుకోవాల్సింది ఏమీ లేదని ఈ పక్షం అంటుంది. ఫోను పోయినా కొత్త ఫోనులో మొదటి నిమిషం నుంచే వాయిస్ టైపింగ్ పనిచేస్తుంది. ఈ వాదంలో బలముంది. కానీ అందరికీ ఒకే నమూనా అన్నప్పుడు ఆ ‘అందరి’లో ఎవరెవరున్నారన్నది అసలు ప్రశ్న. వృద్ధుల వణుకు గొంతు, పక్షవాతం తర్వాతి తడబాటు, పుట్టిలో ధర చెప్పే రైతు ఆ లెక్కలోకి సరిగ్గా రారు. గూగుల్ 2019లో ప్రకటించిన ప్రాజెక్ట్ యుఫోనియా, ఉచ్చారణ ఇబ్బందులున్నవారి కోసం మళ్ళీ మనిషికో నమూనా దారినే పట్టింది. రెండో వాదం తన పరిమితిని తానే ఒప్పుకున్న చోటు అది.

*మూడో వాదం: నేర్పు పరికరంలోనే, పంచుకోవడం పరిమితంగా.* వాడుకరి ఫోనులోనే నమూనా నేర్చుకోవాలి, గొంతు రికార్డింగు బయటికి పోకుండా నేర్చిన సారం మాత్రమే కేంద్రానికి చేరాలి అన్నది ఈ పద్ధతి. గూగుల్ తన జీబోర్డ్ కీబోర్డులో టైపింగ్ సూచనల కోసం ఇలాంటి పద్ధతినే ప్రయోగిస్తున్నట్టు 2017లో తెలిపింది. 2019లో గూగుల్, ఆపిల్ సహాయకులతో మాట్లాడిన మాటల రికార్డింగులను కాంట్రాక్టు సిబ్బంది వింటున్నారని బయటపడ్డాక ఈ వాదానికి బలం పెరిగింది. ఆ తర్వాత రెండు సంస్థలూ వాడుకరి ఒప్పుకుంటేనే రికార్డింగులు ఉంచుకునే పద్ధతికి మారాయి. అమెజాన్ మాత్రం కొన్ని ఎకో పరికరాల్లో ఉన్న, రికార్డింగులు పంపకుండా ఆపే వీలును 2025 మార్చిలో తీసేసింది. ఈ పద్ధతిలో గోప్యత బాగుంటుంది, బ్యాకప్ బలహీనం. పరికరం నేర్చుకున్నదాన్ని విడిగా బయటికి తీసే దారి చాలాసార్లు వాడుకరికి ఉండదు.

*నాలుగో వాదం: నమూనాను వదిలి ముడిసరుకును దాచు.* ప్రొఫైల్ ఎప్పటికైనా పాతబడుతుంది. దాన్ని తయారు చేసిన ముడిసరుకు, అంటే మాట్లాడిన ఆడియో, దాని సరైన పాఠం, పదాల జాబితా, పాతబడవు. వాటిని దాచుకుంటే రేపు ఏ ఇంజన్ వచ్చినా దానికి నేర్పవచ్చు. డ్రాగన్ కూడా డిక్టేషన్ ఆడియోను నిల్వచేసి, తీరిక వేళల్లో దాని మీద ధ్వని నమూనాను మెరుగుపరిచే ఏర్పాటు చేసింది. విస్పర్ వంటి బహిరంగ నమూనాలు వచ్చాక ఈ దారి నిపుణులకు సులువైంది. సామాన్యుడికి ఇంకా కష్టమే. ఆడియో నిల్వకు చోటు కావాలి, దాని గోప్యత కాపాడాలి, తిరిగి శిక్షణ ఇవ్వడానికి తెలిసినవాళ్ళు కావాలి.

తులనాత్మక సారాంశం

- యంత్రంలో ప్రొఫైల్: ఖచ్చితత్వం ఎక్కువ, వాడుకరి అదుపు ఎక్కువ. బ్యాకప్ భారం మొత్తం వాడుకరిదే. కంపెనీ ఆపేస్తే ఫైలు నిరుపయోగం.
- సార్వత్రిక నమూనా: పోయేదేమీ లేదు, తరలింపు సులువు. స్థానిక మాటలకు, అరుదైన గొంతులకు చోటు తక్కువ. నేర్పే అధికారం వాడుకరికి లేదు.
- పరికరంలోనే నేర్పు: గోప్యత బాగు. పరికరం పోతే నేర్చింది పోవచ్చు. ఎగుమతి దారి అరుదు.
- ముడిసరుకు నిల్వ: ఏ ఇంజన్‌కూ కట్టుబడదు, తరతరాలకు పనికొస్తుంది. శ్రమ, చోటు, నైపుణ్యం కావాలి.

మొదటి మూడు వాదాలూ ‘దాచాలా, దాచితే ఎక్కడ’ అని తర్కిస్తున్నాయి. నాలుగోది ‘ఏది దాచాలి’ అని అడుగుతోంది. చర్చ ముందుకు కదలాల్సింది ఈ రెండో ప్రశ్న మీదే.

తెలుగు దగ్గర ప్రశ్న ఎందుకు మారుతుంది?

తెలుగు మాటకు ప్రత్యయాలు, సంధులు చేరుతూ పోతాయి. ‘విడవలూరు’ ఒక్కటి చేరిస్తే సరిపోదు. విడవలూరులో, విడవలూరోళ్ళు, విడవలూరికి, విడవలూరునుంచి అన్నీ కావాలి. పదకోశం పేరుతో తెలుగు వాడుకరి చేయాల్సిన శ్రమ ఇంగ్లీషు వాడుకరి శ్రమకు ఎన్నో రెట్లు. ఆ శ్రమ పోతే నష్టమూ అంతే.

యాసల సంగతి మరొకటి. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశాల్లో మొదటిది, 1962లో వచ్చింది, వ్యవసాయ పదాల మీద. ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరు ఉంటుందని ఆ గ్రంథం ఊరూరా తిరిగి నమోదు చేసింది. తెలుగు యాసల విభజనలో నెల్లూరు రాయలసీమతో పాటు దక్షిణ మండలంలోకి వస్తుంది. కృష్ణా, గోదావరి వాళ్ళ మాట మీద తయారైన నమూనా నెల్లూరు మాటకు అచ్చంగా సరిపోదు.

ఈ లోటు తీర్చే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2010 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ సహాయంతో ఐఐటీ మద్రాసు, ట్రిపుల్ ఐటీ హైదరాబాదు తదితర సంస్థలు, ఫోనులో నోటిమాటతో పంటల ధరలు అడిగే వ్యవస్థను తెలుగుతో కలిపి ఆరు భాషల్లో నిర్మించాయి. అందులో ప్రాణం మార్కెట్ల పేర్లు, పంటల పేర్ల జాబితాదే. మైక్రోసాఫ్ట్ 2018లో తెలుగు, తమిళం, గుజరాతీ మాటల ఆడియోను పరిశోధకులకు విడుదల చేసింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ 2024లో ప్రకటించిన ఇండిక్‌వాయిసెస్, 22 భాషల్లో 145 జిల్లాల నుంచి 16,237 మంది గొంతులు, 7,348 గంటల ఆడియో సేకరించింది. కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణి ఈ రకం సేకరణలకు వేదికైంది. ఇవన్నీ సమష్టి ప్రొఫైళ్ళు. ఒక మనిషి గొంతుకు బదులు ఒక జనం గొంతును దాచుతున్నాయి.

దాచే రూపం గురించి తెలుగువారికి ఒక చేదు పాఠం ముందే ఉంది. ఏళ్ళ తరబడి మన డీటీపీ కేంద్రాలు అను ఫాంట్లలో పుస్తకాలు, పత్రికలు కూర్చాయి. ఆ ఫైళ్ళు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గీతలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా మనం ఆలస్యంగా మేలుకున్నాం. ఫైళ్ళు పోలేదు, డిస్కుల్లో భద్రంగానే ఉన్నాయి. అక్షరాలే చిక్కుకుపోయాయి. నకలు తీయడం ఒక్కటే భద్రత కాదని అను ఫాంట్లు మనకు నేర్పాయి.

చట్టం ఎక్కడ నిలబడింది?

ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం 20వ అధికరణం, పౌరుడు తాను ఇచ్చిన సమాచారాన్ని యంత్రం చదవగలిగే రూపంలో తీసుకుని మరో సంస్థకు తరలించే హక్కు ఇచ్చింది. మన దేశంలో 2019 నాటి బిల్లులో అలాంటి హక్కు ఉండేది. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అది లేదు. తన సమాచారం ఏముందో తెలుసుకునే హక్కు, దిద్దించే హక్కు, చెరిపించే హక్కు ఉన్నాయి. మరణించినా, అశక్తుడైనా తన తరఫున ఈ హక్కులు వాడేందుకు ఒకరిని నామినేట్ చేసే హక్కూ ఉంది. గొంతు విషయంలో ఈ చివరిది విలువైనది. కానీ చెరిపించగలిగినవాడు తరలించుకోలేడన్నది పెద్ద వెలితి.

తేలనివి

మూడు ప్రశ్నలు ఇంకా అపరిష్కృతంగా ఉన్నాయి. మొదటిది, వాడుకరి దిద్దుబాట్ల నుంచి కంపెనీ నమూనా నేర్చుకున్న సారం ఎవరిది? ‘తాను ఇచ్చిన సమాచారం’ అంటే రికార్డింగు మాత్రమేనా, దాని నుంచి పుట్టిన నమూనా కూడానా? 

రెండోది, గొంతు నకలే ఆయుధమయ్యే ప్రమాదం. కొద్దిపాటి రికార్డింగుతో గొంతును అనుకరించే సాధనాలు వచ్చాక, భద్రత కోసం దాచుకున్న ఆడియోయే మోసానికి ముడిసరుకు కావచ్చు. నాలుగో వాదం దీనికి ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు. సంకేతపదంతో తాళం వేసి ఉంచడం కనీస జాగ్రత్త.

మూడోది, వ్యక్తి అవసరానికీ ఊరి అవసరానికీ మధ్య గీత. ముదివర్తి పేరు ఒక రైతు ప్రొఫైల్‌లో ఉండాలా, మండలమంతటికీ ఉమ్మడి జాబితాలో ఉండాలా? మనిషి పేరు గోప్యం. ఊరి పేరు అందరి ఆస్తి.

తీర్పు

వాదాలన్నీ తూచి చూస్తే తెలుగు వాడుకరికి నాలుగో దారే మేలు, అదీ ఒక సవరణతో. ఆడియో దాచడం అందరికీ సాధ్యం కాదు, అందరికీ అవసరమూ కాదు. ఉచ్చారణ ఇబ్బంది ఉన్నవారు, గొంతు కోల్పోయే జబ్బు ఉన్నవారు మాత్రం తప్పక దాచుకోవాలి. మిగిలినవారు మొదట దాచాల్సింది మాటల జాబితా. ప్రొఫైల్ నకలు కూడా తీయండి, కానీ దాన్ని తాత్కాలిక రక్షణగానే చూడండి. పదకోశాన్ని సాఫ్ట్‌వేర్‌లోంచి బయటికి తీసి, యూనికోడ్‌లో సాదా టెక్స్ట్ ఫైలుగా, మూడు చోట్ల పెట్టుకోండి. సంవత్సరానికి ఒకసారైనా వేరే పరికరంలో తెరిచి చూడండి. తెరిచి చూడని నకలును నమ్మలేం.

సంస్థలకు ఒక విన్నపం. తెలుగు వాయిస్ టైపింగ్ ఇచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ సొంత మాటలు చేర్చుకునే చోటు, వాటిని టెక్స్ట్‌గా బయటికి తీసుకునే మీట ఉండాలి. ప్రభుత్వానికి ఒక విన్నపం. మండలం వారీగా ఊళ్ళ పేర్లు, కొలతలు, పంటల మాటలు, చేపల పేర్లు బహిరంగ జాబితాలుగా భాషిణికి చేరాలి. విడవలూరులో ఆ పనికి పెద్ద ఖర్చు లేదు. ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు రైతులు, ఒక మత్స్యకారుడు కలిసి ఒక పూట కూర్చుంటే పుట్టి, అంకణం, ముదివర్తి, ముదివర్తిపాళెం మొదలుకొని మొదటి జాబితా తయారవుతుంది. ఆ జాబితా ఉంటే ఏ కంపెనీ మూతపడినా, ఏ ప్రొఫైల్ చెడినా, మన మాటలను కొత్త యంత్రానికి మళ్ళీ నేర్పవచ్చు.